హోప్ దీవి విహారం: పడవలో మొదటి చోటు ఎవరికి?

చలిగాలి మొదలైందంటే కాకినాడ తీరానికి జనం రాకడ ఎక్కువవుతుంది. కార్తీకంలో వన సమారాధనలు, తరువాత బడిపిల్లల విహారయాత్రలు, ఆ పైన సంక్రాంతికి అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుళ్లు. కోరంగి మడ అడవి చూసి, అటునుంచి అటే పడవెక్కి హోప్ దీవికి పోయి, సముద్ర స్నానం చేసి, సాయంత్రం ఇసుకలో కాసేపు కూర్చుని రావాలన్న కోరిక వీరందరిదీ. ప్రత్తిపాడు, ఏలేశ్వరం, జగ్గంపేట వంటి మెట్ట ఊళ్ల నుంచి వచ్చే కుటుంబాల్లో సముద్రాన్ని అంత దగ్గరగా చూడని పెద్దవాళ్లు నేటికీ ఉన్నారు. వారి కోరికను తప్పు పట్టడానికి వీల్లేదు. కాకపోతే ఆ దీవి ఏమిటో, అక్కడ ముందునుంచీ ఉన్నవారెవరో తెలిసి వెళ్లేవారు తక్కువ. దీవిని విహార కేంద్రం చేయాలని మాట్లాడేవారిలో కూడా ఆ సంగతి పట్టించుకునేవారు తక్కువే. చిక్కంతా అక్కడ ఉన్నది.

హోప్ దీవి రాతి నేల కాదు, కొండ కాదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రునూ, ఇసుకనూ సముద్రపు అలలు ఉత్తరంగా నెట్టుకుంటూ పోగా గడచిన రెండు వందల ఏళ్లలో పెరిగిన దిబ్బ. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వెడల్పు దానితో పోల్చితే చాలా తక్కువ, పొలం గట్టు వంటిది. దానికి తూర్పున బంగాళాఖాతం, పడమట కాకినాడ అఖాతం. తూర్పున అల విరుచుకు పడుతున్న రోజున కూడా పడమటి వైపు నీరు చెరువులా ఉంటుంది. కాకినాడ రేవులో ఓడలు నిబ్బరంగా నిలుస్తున్నాయంటే, వేట పడవలు గాలివాన వేళ ఇటు వచ్చి తలదాచుకుంటున్నాయంటే ఈ ఇసుక గట్టు చలవే.

కోరంగి చరిత్ర తెలిసిన పెద్దలకు ఈ మాట విలువ తెలుసు. ఒకనాడు కోరంగి పెద్ద రేవు. ఓడలు కట్టిన ఊరు. ఇక్కడి నుంచి రంగూను వెళ్లిన తెలుగువారిని బర్మాలో కోరంగీలనే పిలిచేవారు. 1789లో ఒకసారి, 1839లో మరొకసారి సముద్రం ఊరి మీదికి వచ్చింది. ఆ దెబ్బల తరువాత రేవు మునుపటి రేవు కాలేదు. ఆనాటికి సముద్రానికి అడ్డంగా ఈ దిబ్బ ఇంతగా ఎదగలేదు. 1996 నవంబరు తుఫాను కోనసీమను ఎలా ఊడ్చిపెట్టిందో, వేటకు పోయిన ఎంతమంది తిరిగి రాలేదో భైరవపాలెం, బలుసుతిప్ప వాసులను అడిగితే చెబుతారు. గాలిని ఏ దిబ్బా ఆపలేదు గాని, అలను దిబ్బా, దాని వెనుక మడ అడవీ కొంత విరుస్తాయి. అందుచేత ఈ దీవి మీద ఎవరు ఏ పని తలపెట్టినా దాని మంచిచెడ్డలు సెలవులకు వచ్చేవారితో పాటు తీరం మీది ఊళ్లన్నిటికీ తగులుతాయి.

ఇక అడవి సంగతి. కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. సుందరబనాల తరువాత దేశంలో రెండవ పెద్ద మడ అడవి ఇదేనని ఇక్కడ గొప్పగా చెప్పుకుంటారు. ఒడిశా వారు భితర్‌కనిక తమదే రెండవదంటారు. ఈ పందెం అటుంచితే, చూడవలసిన వింత చెట్టు అడుగున ఉన్నది. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి మేకులు దిగేసినట్టు వేళ్లు పైకి పొడుచుకు వస్తాయి. బురదలో ప్రాణవాయువు ఆడదు గనుక చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది. తిల్ల చెట్టు పాలు కంట పడితే కన్ను పోతుందని కట్టె కొట్టేవారు దూరంగా నడుస్తారు. రొయ్య పిల్లలు, పీత పిల్లలు, రకరకాల చేపపిల్లలు ఈ వేళ్ల సందునే పెరిగి పెద్దవై సముద్రంలోకి పోతాయి. కాకినాడ బజారులో తట్టలో కనిపించే చేపకూ ఈ బురదకూ ఉన్న చుట్టరికం కొన్నవాడికి తెలియకపోవచ్చు గాని, వల వేసేవాడికి తెలుసు.

బావురుపిల్లి, నీటికుక్క, నక్క ఈ అడవి జంతువులు. వీటిలో బావురుపిల్లి చేపలు పట్టి తినే పిల్లి. ఊరపిల్లికి నీళ్లంటే భయం, దీనికి నీళ్లే పొలం. అయితే అది రాత్రి తిరిగే జంతువు. పగటి పూట పడవలో గోల చేసుకుంటూ వెళ్లినవారికి దాని అడుగుజాడలు కనబడితే అదే భాగ్యం. పులిని చూపిస్తామన్నట్టు దీనిని చూపిస్తామని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. పక్షుల సంగతి వేరు. శీతాకాలంలో ఉత్తర దేశాల నుంచి వలస వచ్చేవి, ఇక్కడే ఉండే కొంగలు, లకుముకి పిట్టలు, గద్దలు పగలే కనిపిస్తాయి. ఓపిక ఉండాలి, నోరు కట్టుకోవాలి. పాటు వేళ కాలువలో నీరు తీసి పడవకు దారి ఉండదు గనుక పోటు చూసుకుని వెళ్లాలి. గోదావరి జిల్లాల రైతుకు కాలువ వంతు కోసం కాచుకోవడం కొత్త కాదు, ఇదీ అటువంటిదే.

అసలు అతిథులు తాబేళ్లు. ఆలివ్ రిడ్లే అనే ఈ సముద్రపు తాబేలు బరువు నలభై కిలోల అటూ ఇటూ. బతుకంతా నీళ్లలోనే. ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి మాత్రం రాత్రి వేళ ఇసుక మీదికి వస్తుంది. ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు ఇది జరుగుతుంది. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాల్లో వేలకు వేలు ఒక్కసారిగా వస్తాయి. ఇక్కడ అంత దండు రాదు. విడివిడిగా వస్తాయి, కనుక ఎవరి కంటా పడవు, ఎవరి లెక్కలోకీ రావు. ఇసుకలో ఈడ్చుకుంటూ పైకి వచ్చి, అల తగలని చోటు చూసుకుని, వెనుక తెడ్లతో మూరెడు గుంట తవ్వి, నూరు, నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో అదిమి, వచ్చిన దారినే వెళ్లిపోతుంది. మళ్లీ వెనుదిరిగి చూడదు. కాపలా కాయదు.

నలభై అయిదు రోజుల నుంచి రెండు నెలల లోపు పిల్లలు పొదిగి వస్తాయి. పొదిగేది ఇసుక వేడి. ఆ వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు ఎక్కువగా పుడతాయని శాస్త్రజ్ఞులు తేల్చారు. రాత్రి వేళ గుంట లోంచి పైకి వచ్చిన పిల్ల సముద్రాన్ని పోల్చుకునేది వెలుగును బట్టి. నేల వైపు చీకటి, నీటి వైపు ఆకాశపు వెలుగు. అది వాటికి తల్లి నేర్పిన విద్య కాదు, పుట్టుకతో వచ్చినది. అటువంటప్పుడు నేల వైపు ఒక విద్యుద్దీపం ఉంటే ఏమవుతుంది? పిల్లలన్నీ దీపం వైపు పాకుతాయి. తెల్లవారే సరికి ఎండకు మాడడమో, కాకులకూ కుక్కలకూ నక్కలకూ ఆహారమవడమో జరుగుతుంది. అన్నీ సవ్యంగా జరిగి సముద్రంలో పడినవాటిలోనే పెరిగి పెద్దయ్యేది వెయ్యికి ఒకటి అని చెబుతారు. ఆ వెయ్యినీ గుడారం ముందు వేలాడే దీపానికి ధారపోస్తే ఇక ఆ ఒక్కటి ఎక్కడి నుంచి రావాలి?

ఆడ తాబేలు కూడా అంతే. పైకి వచ్చేటప్పుడు టార్చి వెలుగు కనిపించినా, మనుషుల అలికిడి తగిలినా గుడ్లు పెట్టకుండా వెనక్కి తిరిగిపోతుంది. సెల్‌ఫోను దీపం వేసి దాని పక్కన ఫోటో దిగుదామనుకునేవారికి ఇది తెలియదు. తెలిస్తే చాలామంది ఆగిపోతారు. తెలిసీ ఆగనివారి కోసం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉన్నది. ఆ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో, అంటే పులితో సమానమైన రక్షణలో ఉన్నది. గుడ్లు తీసినా, తాబేలును హింసించినా జైలు శిక్ష తప్పదు.

ఇక్కడ ఒక మాట నిష్పాక్షికంగా చెప్పుకోవాలి. చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చే తాబేళ్ల పాపం విహారానికి వచ్చేవారిది కాదు. తాబేలు నీటిలో ఉన్నా గాలి పీల్చడానికి పైకి రావాలి. మరపడవల లాగుడు వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వలలో చిక్కిన తాబేలు బయటపడేందుకు అమర్చే పరికరం ఉన్నది. దానితో కొంత చేప కూడా జారిపోతుందని పడవ యజమానుల బాధ. వారి బాధ అబద్ధం కాదు, డీజిలు ఖర్చు వారికి తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలులో ఉన్నా, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం దానికి ముందే చాలా వరకు అయిపోతుంది. వేటగాడికి వల మార్చుకోమని నీతి చెప్పి, అదే తీరంలో విహారం పేరుతో రాత్రంతా దీపాలు వెలిగిస్తే ఆ నీతిని ఎవరు వింటారు? జాలరి కడుపు మీద ఆంక్ష పెట్టగలిగినవారు సెలవు సరదా మీద కూడా పెట్టగలగాలి.

విహార కేంద్రం కావాలనే వారి వాదనలోనూ బలం లేకపోలేదు. కేరళ, గోవా పోయి ఖర్చు పెట్టే డబ్బు ఇక్కడే ఖర్చయితే పడవవాడికి, హోటలువాడికి, ఆటోవాడికి నాలుగు రాళ్లు మిగులుతాయి. వేట గిట్టుబాటు కాక కుర్రవాళ్లు వలస పోతున్నారు, వారికి పని దొరుకుతుంది. నిజమే. కాని రాత్రి బసలు, గుడారాలు, వాటికి దీపాలు, వాటికి జనరేటర్లు, తినడానికి వంటశాలలు, ఆ చెత్త పారబోయడానికి గోతులు - ఇవన్నీ వచ్చాక మిగిలేది దీవి కాదు, కాకినాడ మెయిన్ రోడ్డుకు తోక. అది చూడడానికి పడవెక్కి రావలసిన పని లేదు. పైగా రాత్రి బస అద్దె ఇచ్చుకోగలిగేది ఎవరు? మెట్ట ఊరి కౌలురైతు కాదు. పగటి పూట వెళ్లి వచ్చే పడవకు సరసమైన టిక్కెట్టు పెడితే అతను కూడా పిల్లలను తీసుకుని రాగలడు. పగటి విహారమే పేదవాడి విహారం. తాబేలుకు మేలు చేసేదీ, సామాన్యుడికి అందేదీ ఒకటే కావడం అరుదుగా జరుగుతుంది, ఇక్కడ జరిగింది.

తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకనూ, మడ అడవినీ తీర ప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు అన్నిటికంటె గట్టి రక్షణ గల తరగతిలో చేర్చాయి. చెరువుల కోసం మడ కొట్టిన కాలం కూడా జిల్లాకు తెలియనిది కాదు. 1990లలో రొయ్య ధర చూసి తీరం పొడుగునా తవ్వకాలు సాగాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా అడ్డూ అదుపూ లేకపోయింది. పోయిన మడను తిరిగి పెంచడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు లోపలికి పారేటట్టు చేసి, విత్తులు నాటవలసి వచ్చింది. ఆ పనిలో ఇక్కడి గ్రామస్థులే చెమటోడ్చారు. కొట్టడానికి ఒక సీజను, పెంచడానికి ఇరవై ఏళ్లు.

దీవిలో మనుషులూ ఉన్నారు. విహారం గురించిన మాటల్లో వీరి ప్రస్తావన చివరికి వస్తుంది, ఒక్కొక్కప్పుడు రానే రాదు. మత్స్యకార కుటుంబాలు తరాలుగా అక్కడ కాపురముంటున్నాయి. వంతెన లేదు, రోడ్డు లేదు. ఉన్నది పడవ ఒక్కటే. చుట్టూ ఉప్పునీరున్న ఇసుక దిబ్బ మీద మంచినీరు ఎంత పెద్ద మాటో చెప్పనక్కరలేదు. నెలలు నిండిన ఆడకూతురికి అర్ధరాత్రి నొప్పులు వస్తే, పిల్లవాడికి జ్వరం ముదిరితే, ఏదైనా పురుగు ముట్టుకుంటే ఆసుపత్రికి చేరడానికి అఖాతం దాటాలి. గాలి ఎదురైతే దేవుడే దిక్కు. సెలవులకు వచ్చేవారి కోసం ఇంజను పడవ, లైఫ్ జాకెట్టు, ఎక్కే చోట బల్లకట్టు ఏర్పాటు చేయగల ప్రభుత్వం, ఏడాది పొడవునా అక్కడే బతికేవారి కోసం ముందు ఆ పని చేయాలా, వద్దా? విహార పడవ ఏది నడిచినా అందులో కొన్ని సీట్లు దీవివాసులకు ఉచితంగానో, నామమాత్రపు చార్జీకో కేటాయించాలి. గాలివాన కాలంలో విహారం ఆగినా ఆ పడవ ఆగకూడదు, రోగి కోసం రేవులో సిద్ధంగా ఉండాలి. ఇది దయాధర్మం కాదు. వారి పెరట్లోకి వెళ్లి తిరిగినందుకు ఇవ్వవలసిన కూలి.

పడవ అనగానే భద్రత మాట వస్తుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి పోతూ కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి పదుల సంఖ్యలో జనం జలసమాధి అయ్యారు. అది నది. ఇది సముద్రం. ఆ ప్రమాదం తరువాత కొన్నాళ్లు అందరూ లైఫ్ జాకెట్లు లెక్క పెట్టారు. లెక్కలు సెలవులప్పుడే సడలుతాయి, జనం ఎక్కువ వచ్చేదీ అప్పుడే. కెక్కిరిసిన పడవలో ‘‘ఇంకో ఇద్దరే కదా బాబూ, సర్దుకోండి’’ అనే మాట జిల్లాలో ఏ రేవులో వినబడదు? దీవిలో పుట్టిన కుర్రవాడిని సరంగుగా పెడితే ఆకాశం చూసి ‘‘ఈ పూట వద్దు’’ అనగలడు. ఎక్కడి నుంచో జీతానికి వచ్చినవాడు టిక్కెట్టు డబ్బులు చూస్తాడు. దారి చూపేవారుగా, పడవ నడిపేవారుగా, తాబేలు గుడ్లకు కాపలాదారులుగా ఈ యువకులనే తీసుకోవాలనడానికి కారణం ఇదే. గుడ్లను సేకరించి కంచె లోపల ఇసుకలో పాతి, పిల్లలు వచ్చాక సముద్రంలో వదిలే పని అటవీశాఖ తీరంలో చాలా ఏళ్లుగా చేస్తున్నది. పిల్లలను వదిలే వేళకు బడి పిల్లలను పిలిచి, దీపాలు లేకుండా, దూరం నుంచి చూపిస్తే చాలు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఇసుకలో సీసా పగులగొట్టడు.

నిజానికి ఈ తీరానికి యాత్ర కొత్త కాదు. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో స్నానం చేసి మొదలుపెట్టి, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల మునుగుతూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరే సప్తసాగర యాత్ర పెద్దల కాలం నుంచి ఉన్నదే. చొల్లంగి తరువాత మజిలీ కోరంగి. సరిగ్గా తాబేళ్లు ఒడ్డుకు వచ్చే నెలలివి. పూర్వం యాత్రికులు అటుకులు మూట కట్టుకుని వచ్చి, విస్తరాకులో తిని, వెళ్లిపోయేవారు. విస్తరాకు ఇసుకలో కలిసిపోయేది. ఇప్పటి ప్లాస్టిక్ పళ్లేలు, నీళ్ల సీసాలు, బిరియాని పొట్లాలు కలిసిపోవు. దీవిలో చెత్త ఎత్తే మునిసిపాలిటీ బండి లేదు. తీసుకుపోయినది తిరిగి తేవలసిందే. రేవులో పడవ ఎక్కేటప్పుడు సంచులు చూసి, సీసాలు లెక్క రాసుకుని, దిగేటప్పుడు ఆ లెక్క ప్రకారం చూపకపోతే జరిమానా వేయడం పెద్ద కష్టమైన పని కాదు. సినిమా హాలు గేటు దగ్గర ఇంతకంటె గట్టిగానే వెదుకుతారు.

అందుచేత అటవీ, పర్యాటక, మత్స్యశాఖల అధికారులు, దీవి పెద్దలు ఒక చోట కూర్చుని పుష్యమాసం రాకముందే కొన్ని సంగతులు తేల్చవలసి ఉన్నది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు సూర్యాస్తమయానికి ముందే ఆఖరి పడవ దీవి వదలాలి. ఆ నెలల్లో తూర్పు ఒడ్డున ఏ భాగంలో నడవవచ్చో, ఏ భాగంలో అడుగు పెట్టరాదో కర్రలు పాతి చూపాలి. మిగతా నెలల్లో సైతం రాత్రి బసలకు అనుమతి ఇవ్వరాదు. టిక్కెట్టులో ఒక వంతు దీవి పంచాయతీ పనులకు, ముఖ్యంగా మంచినీటికి జమ కావాలి. జగన్నాథపురం రేవు దగ్గర, కోరంగి చెక్కబాట దగ్గర ఈ నిబంధనలను తెలుగులో, దూరం నుంచి చదవగలిగే అక్షరాలతో బోర్డులు రాయించి పెట్టాలి. ఆఖరి పడవ వేళ అందులో అన్నిటికంటె పెద్ద అక్షరాలలో ఉండాలి.